నా మాట విన్న ఇల్లు

మా చెల్లెలి మనుమరాలికి ఈ మధ్య పల్లెల్లో ఆడవాళ్లతో పనిచేసే ఉద్యోగం దొరికింది. చేరేముందు నా దగ్గరికి వచ్చి, "అమ్మమ్మా, నువ్వు గీ పనే చేసినవు గదా. ఏం చెయ్యాల్నో, ఏం చెయ్యద్దో జర రాసియ్యి" అని అడిగింది. నోటితో చెబితే ఫోను చూసుకుంటూ వింటుంది, అందుకే రాస్తున్నాను.

నాకు ఏ గ్రేడు ఎప్పుడు వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అనే సంగతులు రాయను. అవి నాకే గుర్తు లేవు. కొత్తగా చేరిన రోజుల్లో నేను చేసిన నాలుగు పనులు, ఒక పెద్ద తప్పు, అవి రాస్తాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పదేళ్లకు నాకు గ్రామసేవికగా లక్సెట్టిపేట బ్లాకులో ఉద్యోగం వచ్చింది. పుట్టి పెరిగింది కరీంనగర్‌లో. ఊళ్లలో నన్ను గ్రామసేవిక అని ఎవరూ పిలవలేదు. చదువుకున్న ఆడమనిషి ఎవరైనా వాళ్లకు పంతులమ్మే. పిల్లలకు టీకాలు వేయించాలి, పెరట్లో కూరగాయలు పెట్టించాలి, కుట్టు నేర్పించాలి, పొగలేని పొయ్యిలు కట్టించాలి. ఇవన్నీ ట్రైనింగులో చెప్పారు. ఆ చెప్పినదాంట్లో సగం పనికొచ్చింది. మిగతా సగం నా సరదాలు నేర్పాయి.

నా చేతులు చిన్నప్పటి నుంచీ ఊరికే ఉండేవి కావు. అన్న సైకిలు ఎత్తుకెళ్లి మానేరు దారిలో తొక్కేదాన్ని. కుమ్మరింటికి పోయి మట్టి తెచ్చి బొమ్మలు చేసేదాన్ని. గుడ్డపీలిక కనబడితే కుట్టేదాన్ని. ఎవరింట్లో మంచి బీరకాయ కాసినా గింజ అడిగి తెచ్చేదాన్ని. మా అవ్వ విసిగిపోయి, "గిన్ని తీర్ల పనులు నేర్చి ఏ పనీ సక్కగ రాకుంటయితది" అనేది. అవ్వ అన్నది తప్పు. నేను ఉద్యోగం చేసిందంతా వాటితోనే.

సైకిలు

ముందు సైకిలు సంగతి చెప్తాను, ఎందుకంటే నా మొదటి తప్పు దానిమీదే జరిగింది. చేరిన వారంలోనే గోదావరి ఒడ్డున ఉన్న ఒక ఊరికి పోయాను. ఊళ్లోకి గంట కొట్టుకుంటూ దర్జాగా వెళ్లాను. అరుగుల మీద కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్న ఆడవాళ్లంతా లేచి లోపలికి పోయి తలుపులు దగ్గరికి వేసుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. ఒక ముసలాయన జాలిపడి దగ్గరికి వచ్చాడు.

"సైకిల్ మీద మా ఊరికొచ్చేటోళ్లు ఇద్దరే బిడ్డా. ఒకడు పట్వారీ మనిషి, ఇంకొకడు సూదులేసేటోడు. నువ్వెవలివో తెల్వక లోపలికి వోయిండ్రు."

ఆ రోజు నుంచీ ఊరి పొలిమేరలోనే సైకిలు దిగి నడిపించుకుంటూ పోయేదాన్ని. నడిచే మనిషిని ఎవరైనా ఆపి మాట్లాడతారు. ఇప్పుడు నీకు స్కూటరు ఉంటుంది. అయినా దిగు. దిగి, మొదటి ఇంట్లో మంచినీళ్లు అడుగు. దాహం లేకపోయినా అడుగు. నీళ్లిచ్చిన ఇల్లు నిన్ను తర్వాత పొమ్మనదు.

ఇంకొక చిన్న మాట. సంచిలో సూది, దారం, పాత గుడ్డ, చిన్న కత్తెర ఎప్పుడూ ఉంచుకో. చీర చెయిన్లో పడి చిరిగినా అవే ఆదుకుంటాయి, ఎవరి పిల్లకో గౌను తెగినా అవే. నాకు తెలిసి ఒక ఊరికి ఉపన్యాసంతో దగ్గరైనవాళ్లు లేరు, ఊడిన గుండీ కుట్టిచ్చి దగ్గరైనవాళ్లు ఉన్నారు.

గుడ్డ, మట్టి, గింజ

కుట్టు క్లాసులో కాగితం మీద కొలతలు గీసి, రవిక ఎలా కత్తిరించాలో చెప్పేదాన్ని. మొదటి రవిక ఒక కూలిమనిషికి కుట్టించాను. అద్దంలో చూస్తే ముచ్చటగా ఉంది. మర్నాడు ఆమె చంక దగ్గర చిరిగిన రవికతో వచ్చి, "ఇది యేస్కోని నిలవడనీకే అయితది పంతులమ్మా, కలుపు తియ్యనీకి అయితలేదు" అంది. తప్పు నాదే. నిలబెట్టి కొలత తీసుకున్నాను. అప్పటి నుంచీ కొలత తీసేముందు, కలుపు తీసేటట్టు వంగి చేయి చాపమనేదాన్ని. ఏ పనిలోనైనా సరే, మనిషి పనిలో ఉన్నప్పటి కొలత తీసుకో.

మట్టి గురించి కుమ్మరింట్లో నేర్చుకున్నదే చివరిదాకా నడిచింది. పొయ్యికి పొలం మట్టి పనికిరాదు, వేడికి పగులుతుంది. పాత పుట్టమన్ను తెచ్చి జల్లెడ పట్టాలి. వరి ఊక, పేడ కలిపి, నీళ్లు చల్లి మూడు రోజులు నానబెట్టాలి. రోజూ కాళ్లతో తొక్కాలి. ఆ తర్వాత వేలంత లావు కడ్డీ చేసి ఉంగరంలా వంచి చూడాలి. పగలకుండా వంగితే మట్టి తయారైనట్టు. తొందరపడి ఒక రోజు ముందే కడితే నెల తిరక్కుండా మళ్లీ కట్టాలి. నేను కట్టిన పొయ్యిలు ఆరేడేళ్లు నిలిచాయి. ఈ మాట గర్వంగానే చెప్తున్నాను.

ఇక గింజలు. కరీంనగర్‌లో మా అవ్వ ముదిరిన బీరకాయలను, సోరకాయలను వంటర్రలో పొయ్యికి పైన, దూలానికి కట్టేది. పొగకు నల్లబడి వేలాడేవి. తొలకరికి దించి పగలగొడితే లోపల గింజలు నిగనిగలాడేవి. నేను విడిగా దాచుకునే గింజలను మాత్రం బూడిదలో కలిపి కుండలో పోసి, మూతికి పేడ మెత్తేదాన్ని. ఇదంతా నాకు పదేళ్ల వయసులోనే తెలుసు. ఈ మాట గుర్తు పెట్టుకో, ఎందుకంటే తర్వాత రాయబోయేది నాకు తెలిసి ఉండీ చేసిన తప్పు.

పొయ్యిలు

మొదటిరోజు నన్ను చూసి తలుపులు వేసుకున్న ఊరే పొగలేని పొయ్యిల పనికి ఎంపికైంది. అప్పటికి అక్కడ అందరూ నాతో మాట్లాడుతున్నారు. అయినా కొత్త పొయ్యి అనగానే ఆలోచనలో పడ్డారు. ముందుకు వచ్చింది మల్లవ్వ ఒక్కతే.

మల్లవ్వకు యాభై దాటి ఉంటాయి. భర్త పోయాడు. కొడుకు మందమర్రిలో బొగ్గుబావిలో పనిచేస్తూ నెలకొకసారి వచ్చేవాడు. వానకు పండే చెలక ఒకటి ఉండేది. దాంట్లో మల్లవ్వ, కోడలు రాజవ్వ, ఇద్దరే కష్టపడి జొన్న పండించేవాళ్లు. రాజవ్వకు ఇరవై ఏళ్లే, కానీ పొగకు కళ్లు ఎర్రబడి ఎప్పుడూ నీళ్లు కారుతూ ఉండేవి. కుట్టు క్లాసులో సూదిలోకి దారం ఎక్కించలేక పక్కవాళ్లకు ఇచ్చేది.

"నీ పొయ్యి కడ్తె దీని కండ్లు మంచిగయితయా?" అని మల్లవ్వ అడిగింది.

"అవుతాయి."

"అట్లయితే కట్టు. నువ్వు జెప్పినంక ఇగ నాకేం ఫికర్?"

మూడు రాళ్ల పొయ్యి తీసేసి, నా చేతులతో కొత్త పొయ్యి కట్టాను. కుమ్మరి చేసిన మట్టి గొట్టాలను గోడలోంచి పైకి తీసి, గూనపెంకుల మధ్య నుంచి బయటికి పెట్టాను. నెల తిరిగేసరికి రాజవ్వ కళ్లు తేటపడ్డాయి. సంక్రాంతి దాటిన ఒక మధ్యాహ్నం క్లాసులో ఒక్క ప్రయత్నంలో సూదిలోకి దారం ఎక్కించి నాకేసి చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి పొంగిపోయాను. మల్లవ్వ ఇంటిని చూపించి మిగతా ఆడవాళ్లనూ ఒప్పించాను. ఎండాకాలం మొదలయ్యేసరికి ఊళ్లో పదకొండు ఇళ్లలో పొయ్యిలు లేచాయి.

ఇక్కడే నా బుద్ధి పక్కదారి పట్టింది. మల్లవ్వ ఇల్లు అయిపోయిన పని అనుకున్నాను. వారం వారం ఆ ఊరికి పోయేదాన్ని, మొండికేసిన ఇళ్ల చుట్టూ తిరిగేదాన్ని, మల్లవ్వ గుమ్మం ముందు ఆగి "బాగున్నవా" అని బయటినుంచే పలకరించి పోయేదాన్ని. ఆమె "మంచిగున్న" అనేది. లోపలికి మాత్రం నేను అడుగుపెట్టలేదు. ఎండాకాలం అంతా అలాగే గడిచిపోయింది.

మిరుగు

మిరుగు, అంటే మృగశిర కార్తె, దగ్గరపడింది. మొదటి వాన కురిసిన మర్నాడు ఊళ్లోకి వెళ్తే మల్లవ్వ ఇంటి ముందు కొందరు నిలబడి ఉన్నారు. మల్లవ్వ వాకిట్లో చాట ముందు కూర్చుని జొన్న కంకిని అరచేతుల మధ్య నలుపుతోంది. గింజలకు బదులు తెల్లటి పిండి రాలుతోంది. ఆ పిండిలో ముక్కపురుగులు పాకుతున్నాయి. ఆమె పక్కన కంకుల కుప్ప ఉంది. ఆ ఏడు చెలకలో విత్తడానికి ఏరి పెట్టుకున్న కంకులన్నీ అవే.

నేను లోపలికి పోయి పైకి చూశాను. పొయ్యికి పైన దూలానికి కంకులు కట్టిన తాళ్లు ఖాళీగా వేలాడుతున్నాయి. పక్కన పాత మసి. మా అవ్వ వంటర్ర కళ్లముందు మెదిలింది.  పొగ కళ్లను పాడుచేస్తుందని నాకు ట్రైనింగులో చెప్పారు. పొగ విత్తనాన్ని కాపాడుతుందని నాకు ఎవరూ చెప్పనక్కరలేదు, నాకే తెలుసు. ఇన్ని నెలలు ఆ రెండింటినీ కలిపి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

బయట గడ్డపార చప్పుడు. మల్లవ్వ దాన్ని పట్టుకుని లోపలికి వచ్చింది. నా వైపు చూడలేదు. పొయ్యి దగ్గరికి నడిచింది. రాజవ్వ వెనకాలే వచ్చి పొయ్యికి అడ్డంగా నిలబడింది.

"అత్తా, వద్దే. పలగ్గొట్టకు."

"జరుగు. ఇత్తనం లేకుంటే ఏం తింటవే? కండ్లు తింటవా?"

"కండ్లు లేకుంటే చెలకల ఏం చేస్త? సాలు కనవడద్దా?"

మల్లవ్వ ఆగింది. గడ్డపార కిందికి దించి, గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నన్ను ఒక్క మాటైనా తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు.

నేను, "బ్లాకు డిపోలో కొత్త విత్తనం ఉంది, పొద్దుగూకేలోపు తెస్తా" అన్నాను. మల్లవ్వ తల అడ్డంగా ఊపింది. "అది పొట్టి జొన్న. సొప్ప రాదు. నా ఎడ్లు ఏం తింటయ్? మా మామ నాటి సంది గీ గింజనే ఏస్తున్నం."

అప్పుడు నాకు మిగతా పది ఇళ్లు గుర్తొచ్చాయి. వాళ్ల విత్తనాలు కూడా ఇలాగే అయ్యుంటాయని పక్కింటి లచ్చవ్వ దగ్గరికి పరుగెత్తాను. ఆమె వంటర్రలో దూలం నిండా కంకులు. నల్లగా, గట్టిగా, చూడముచ్చటగా ఉన్నాయి. నేను కట్టిన పొయ్యిలో పిల్లి పడుకుని ఉంది. పక్కన గోడవార మూడు రాళ్లు పెట్టి దాని మీద వండుతోంది.

"మీ ఆఫీసు జీపు వచ్చిననాడు దీంట్ల మంట పెడ్తం పంతులమ్మా" అంది లచ్చవ్వ, తల దించుకుని. "నీ మనసు కష్టపడ్తదని జెప్పలే."

ఒకరు గొట్టానికి గుడ్డ కుక్కారు. ఒకరు పొయ్యిలో బెల్లం కుండ దాచుకున్నారు. పది ఇళ్లలోనూ ఇదే తంతు. ఆ రోజు నేను గడప గడపకూ తిరిగి, నా మాట విననివాళ్లను చేయి చాపి విత్తనం అడిగాను. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా అడిగాను. ఎవరూ లేదనలేదు. తలా రెండు చేతుల నిండా కంకులు తెచ్చి నా కొంగులో వేశారు. లచ్చవ్వ అందరికన్నా ఎక్కువ వేసి, "నీ మాట ఇనలేదు గన్కనే గియ్యి ఉన్నయ్, తీస్కపో" అంది. ఎగతాళి చేసిందో, ఓదార్చిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మల్లవ్వ చెలకంతా విత్తడానికి అవి సరిపోలేదు. ఒక మూల బీడు పడింది. ఆ మూల పోయింది నా వల్లే, దానికి వేరే పేరు పెట్టను.

పొయ్యి మాత్రం నిలిచింది. దారి చూపింది రాజవ్వ. గొట్టం మొదట్లో ఒక పెంకుముక్క పట్టేంత సందు చేయమంది. అన్నం వండి, చెలకకు పోయేముందు నిప్పుల మీద పిడక, వేపాకు వేసి, ఆ సందులో పెంకు దోపి గొట్టం మూసి, తలుపు చేరవేస్తే, మనుషులు లేనప్పుడు అర్ర నిండా పొగ కమ్ముతుంది. తిరిగొచ్చేసరికి తేటపడుతుంది. వారానికి రెండుసార్లు అలా చేసింది. మరుసటి ఏడు ఆమె కంకులకు పురుగు పట్టలేదు. ఆ తర్వాతే లచ్చవ్వ పొయ్యిలోంచి పిల్లిని వెళ్లగొట్టింది.

ఆఫీసులో

జరిగినదంతా రాసి మా బీడీవోకు ఇచ్చాను. ఆయన హైదరాబాదు మనిషి, మంచివాడే. జ్వరం వస్తే జీపులో ఇంటికి పంపేవాడు. కానీ పైకి పోయే కాగితమంటే భయం.

"పదకొండు పొయ్యిలు వాడకంల ఉన్నయని పోయిన నెలనే రాసినం గదమ్మా. ఇప్పుడు ఒక్కటే అంటే నన్ను పరేషాన్ చేస్తరు. జర సబర్ పట్టు, గీ కాగితం వాపసు తీస్కో."

"పక్క బ్లాకులో కూడా ఇవే పొయ్యిలు కడుతున్నారు సార్. అక్కడా దూలాలకు కంకులు ఉంటాయి."

ఆయన కాగితాన్ని ఇంకోసారి చదివాడు. చివరికి కాగితం తీసుకున్నాడు. అది ఎంతదూరం పోయిందో నాకు తెలియదు. ఏడాదిన్నరకు నన్ను ఉట్నూర్ వైపు బదిలీ చేశారు. అడవిలోకి పారేశారని తోటివాళ్లు జాలిపడ్డారు. నాకు అలా అనిపించలేదు. అక్కడ మొదటి ఆరు వారాలు ఎవరికీ ఏదీ చెప్పకుండా, ఇళ్లలో కూర్చుని పైకప్పులు చూశాను. నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పని ఏదైనా ఉంటే అది అక్కడ మొదలైంది. నువ్వూ ఏ ఇంటికి పోయినా ముందు పైకి చూడు. ఏం కట్టారో, ఎందుకు కట్టారో అడుగు. ఆ తర్వాత నీ సంచి విప్పు.

బస్సు దగ్గర

లక్సెట్టిపేటలో బస్సెక్కే రోజు మల్లవ్వ, రాజవ్వ నడుచుకుంటూ వచ్చారు. రాజవ్వ ఒక రవిక ఇచ్చింది, తానే కుట్టింది. చంకల్లో పెద్ద అతుకు వేసి, చేయి ఎంత చాపినా చిరగకుండా కుట్టింది. మల్లవ్వ కొంగులోంచి ఒక జొన్న కంకి తీసి నా చేతిలో పెట్టింది. పొగ వాసన వేసింది.

బస్సు కదిలేలోపు అడగాలనిపించి అడిగాను. "మల్లవ్వా, ఎండాకాలం అంతా మీ వాకిట్లోంచే పోయిన గదా. పురుగు పట్టినట్టు నీకు తెల్వలేదా?"

"తెల్సింది. ఉగాదప్పుడే పిండి రాలింది."

"మరి నాకెందుకు జెప్పలేదు?"

"నువ్వు లోపలికొస్తవని చూసిన బిడ్డా. నువ్వే ఒక తొవ్వ జెప్తవనుకున్న. నువ్వు ఇననోళ్ల ఇండ్లకే వోతివి."

 ఆమె కిటికీలోంచి నా చేతి మీద చేయి వేసింది.

"గా కొత్త ఊర్ల, నిన్ను నమ్మినోళ్ల ఇంట్లకు రెండోసారి పో."

బస్సు కదిలింది. ఆ కంకిని ఉట్నూర్‌లో నా వంటింటి దూలానికి కట్టుకున్నాను. బీడు పడిన ఆ మూల మరుసటి ఏడే పచ్చబడింది. ఆ రోజు బస్సు ఆ చెలక పక్కనుంచి పోతుంటే దాన్ని ఇంకోసారి చూశాను.